ఇంటిల్లిపాదీ కలిసి ఒక పటం



దసరా వస్తోందంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు చేతినిండా పని. బేస్‌మెంట్‌లోంచి కొలువు మెట్లు పైకి తేవాలి, అట్టపెట్టెల్లో బొమ్మలు విప్పాలి, పేరంటానికి పిలవాలి, రోజుకో నైవేద్యం వండాలి, గుడిలో మన వంతు సేవకు వెళ్ళాలి. పిల్లలకు మాత్రం ఈ తొమ్మిది రోజుల్లో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. పట్టులంగా కట్టుకుని ఫోటోకు నిలబడటం, కొలువు దగ్గరికి వెళితే "ముట్టుకోకు" అనిపించుకోవడం, ఇంతే. పండుగంటే అమ్మానాన్నలు హడావిడి పడే రోజు అని వాళ్ళు అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

రెండేళ్ళుగా మేము దసరాకు ఇంట్లో అందరం కలిసి ఒక బొమ్మ వేస్తున్నాం. మొదటి ఏడు చెడగొట్టుకున్నాం. రెండో ఏడు కుదిరింది. మీరూ ప్రయత్నిస్తారేమోనని ఆ రెండూ ఇక్కడ రాస్తున్నాం.

కలిసి బొమ్మ వేయడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. సంక్రాంతి ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ఒకరు చుక్కలు పెడతారు, ఒకరు గీత కలుపుతారు, చిన్నపిల్లలు రంగులు నింపుతారు, గొబ్బెమ్మ పెట్టేది మరొకరు. ఆ ముగ్గు ఎవరిదంటే ఆ ఇంటిది. బీహారులో మిథిల ప్రాంతపు ఆడవాళ్ళు కూడా పెళ్ళివారింట కోహ్బర్ గది గోడల మీద ఇలాగే కలిసి బొమ్మలు వేస్తారు. అయితే మేము ఆదర్శంగా తీసుకున్నది మన తెలుగునాటి పటాన్ని, చేర్యాల పటాన్ని.

చేర్యాల హైదరాబాదు నుంచి కారులో రెండు గంటల దూరం. పూర్వం వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. అక్కడి నకాషీ కుటుంబాలవారు తరతరాలుగా పొడవాటి గుడ్డల మీద పురాణ కథలు చిత్రిస్తున్నారు. ఇది ఒక్కరు కూర్చుని చేసే కళ కాదు, ఇల్లంతా చేసే పని. జాతీయ పురస్కారం అందుకున్న ధనాలకోట వైకుంఠం నకాష్ గారి ఇంట్లో ఆయన భార్య, కొడుకులు కూడా చిత్రకారులే. చేర్యాల చిత్రాలకు 2010లో భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ., వచ్చింది. ఇంత పేరున్నా ఈ పని చేసే కుటుంబాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఈ పటాలు గోడకు తగిలించి అందం చూసుకోవడానికి పుట్టినవి కావు, కథ చెప్పడానికి పుట్టినవి. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం ఉండేది. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పేవారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పేవారు. వీళ్ళే నకాషీల దగ్గరికి వెళ్ళి తమ కథ చెప్పి, అందుకు తగ్గ పటం వేయించుకునేవారు. సుమారు మూడడుగుల వెడల్పు, నలభై అడుగులకు పైబడిన పొడవు, దాని మీద అడ్డంగా గడులు, గడికీ గడికీ మధ్య పూల అంచు. అన్నిటికంటే పైన వినాయకుడు, తరువాత సరస్వతి, ఆపైన కథ మొదలు. ఊళ్ళో పటం వేలాడదీసి, కర్రతో ఒక్కొక్క బొమ్మను చూపిస్తూ, పాడుతూ, రాత్రుళ్ళ తరబడి కథ నడిపేవారు. పటం పాతబడి చిరిగిపోతే దాన్ని చెత్తలో పడేసేవారు కాదు, శాస్త్రోక్తంగా నదిలో నిమజ్జనం చేసేవారు.

ఈ సంగతులన్నీ మాకు ముందే తెలిస్తే మా మొదటి ఏడు అలా అయ్యేది కాదు. ఆ ఏడు మేము దుకాణంలో ఒక పెద్ద కాన్వాసు కొని, దుర్గమ్మ బొమ్మ ప్రింటు తీసి, పెన్సిలుతో దించి, తలా ఒక భాగం పంచుకున్నాం. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. సింహం తనకు కావాలంది. నాలుగు సాయంత్రాలు కూర్చుని వేసింది. సింహం కాస్త మా పక్కింటి పిల్లిలా వచ్చిన మాట నిజమే. పిల్లలు పడుకున్నాక మాలో ఒకరు (ఎవరో ఎందుకు దాచడం, నాన్నగారే) కుంచె తీసుకుని "కొంచెం" సరిదిద్దారు. దవడ బలంగా, జూలు ఒత్తుగా, కళ్ళలో కోపం. మర్నాడు పొద్దున అమ్మాయి చూసింది, ఏమీ అనలేదు. పేరంటానికి వచ్చినవాళ్ళందరూ "సింహం ఎంత బాగుందో, ఎవరేశారమ్మా?" అని అడిగారు. "నాన్న" అంది. ఆ తరువాత ఆ కాన్వాసు దగ్గరికి మళ్ళీ రాలేదు. రంగులు తెచ్చుకుంది, స్కూల్లో వేసింది, స్నేహితుల కోసం కార్డులు చేసింది, మాతో కలిసి మాత్రం వేయలేదు. ఆ దుర్గమ్మ ఇప్పటికీ మా అల్మరాలో గోడవైపు తిరిగి ఉంది.

మరుసటి ఏడు ఆగస్టులో పిల్లల బాపమ్మ ఆరు నెలల కోసం వచ్చారు. ఆవిడది జనగామ దగ్గర పల్లె. అల్మరాలో ఆ బొమ్మ చూసి ఎందుకు దాచారని అడిగారు. జరిగింది చెప్పాం. ఆవిడ కాసేపు ఊరుకుని, చిన్నప్పుడు తమ ఊరి సాలెవాడకు కూనపులివాళ్ళు వచ్చినప్పటి సంగతి చెప్పారు. "మాకు జెప్పే కథ గాదది. అయినా పిల్లలమంత పోయి ముంగట గూసునేటోళ్ళం. ఆయన కర్ర ఎక్కడ వెడ్తే మా కండ్లు అక్కడికే పోయేటియి." ఆ తరువాత అన్న మాట మా పద్ధతి మొత్తం మార్చేసింది. "కథ దెల్వకుంట బొమ్మ ఎట్లేస్తరు? ముందుగాల కథ జెప్పాలె. ఎవలి గడి వాళ్ళేస్కోవాలె. ఎవలేసిన గడి వాళ్ళే జెప్పాలె."

అలా మా ఇంట్లో మూడు నియమాలు వచ్చాయి. కథ పూర్తిగా విన్నాకే కుంచె పట్టాలి. ఒకరి గడి మీద వాళ్ళు పిలిస్తే తప్ప రెండోవాళ్ళ చెయ్యి పడకూడదు. విజయదశమినాడు ఎవరి గడి కథ వాళ్ళు తెలుగులో చెప్పాలి. నాన్నకు అంచులు మాత్రమే ఇచ్చారు. తీర్పు అమ్మాయిది, అప్పీలు లేదు.

కథగా గజేంద్ర మోక్షం ఎంచుకున్నాం. భాగవతం అష్టమ స్కంధంలోది. పోతనగారి బమ్మెర కూడా బాపమ్మగారి వైపుదే, ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. పైగా ఏనుగు, మొసలి ఉన్న కథ ఏ పిల్లలు వద్దంటారు? ఒక వారం రోజులు రాత్రి భోజనాలయ్యాక ఆవిడ కథ చెప్పారు. త్రికూట పర్వతం, దాని మీది అడవి, మడుగు, గుంపు నుంచి దారితప్పి దాహంతో నీళ్ళలోకి దిగిన గజరాజు, కాలు పట్టిన మొసలి, వెయ్యేళ్ళ పోరాటం. మా ఆరేళ్ళ అబ్బాయి రోజూ మొసలి దగ్గరికి రాగానే "మళ్ళీ చెప్పు బాపమ్మా" అనేవాడు. అందుకని ఆ వారంలో కథ ముందుకు నడిచింది తక్కువ, మొసలి కాలు పట్టింది ఎక్కువ.

గడులు పంచుకునే రోజు వాడు మొసలి గడి తీసుకున్నాడు. మొసలి గడి నిండా పరుచుకుంది, లెక్కలేనన్ని పళ్ళు, ఏనుగుకు మిగిలింది మూలన ఒక కాలు, తొండం కొస. మాకు నోటిదాకా వచ్చింది, "ఏనుగేదిరా?" అని. బాపమ్మ చూసి నవ్వి, "సరిగ్గనే ఏసిండు. నీళ్ళల్ల బలం మొసలిదే గద" అన్నారు. నిజమే. కథలో ఉన్నది అదే. నీటిలో ఉన్నకొద్దీ మొసలి బలం పెరుగుతుంది, ఏనుగు బలం తరుగుతుంది. మేము చదివి మరిచిపోయిన సంగతి వాడి కుంచెకు తెలిసింది.

అమ్మాయి ఏ గడి తీసుకుంటుందోనని మాకు లోపల బెదురుగానే ఉంది. అసలు తీసుకుంటుందో లేదో కూడా తెలియదు. రెండు రోజులు ఊరికే చూసింది. మూడోరోజు వైకుంఠం గడి తనకు కావాలంది. మొర విన్న విష్ణువు లక్ష్మీదేవికి చెప్పకుండా, శంఖచక్రాలు అందుకోకుండా, పరివారాన్ని పిలవకుండా, చేతిలో ఉన్న ఆవిడ కొంగు కూడా వదలకుండా బయలుదేరిన ఘట్టం. దాని గురించి అమ్మాయి అడిగిన ప్రశ్నలు మేము ఎన్నడూ అనుకోనివి. కొంగు చేతిలో ఉంటే ఆవిడ కూడా పరుగెత్తాలి కదా? ఎక్కడికని అడగలేదా? అడగాలనుకుంటూ, అడగలేక, వెంట నడుస్తూ లక్ష్మీదేవి పడిన తికమకను పోతనగారు ఎంత ముచ్చటగా చెప్పారో వాళ్ళమ్మ వివరించింది. అప్పటిదాకా ఆ పద్యాలు మాకు స్కూల్లో మార్కుల కోసం బట్టీపట్టినవి.

అమ్మాయి విష్ణువును గడి అంచుకు ఆనించి వేసింది, దాటిపోతున్నట్టుగా. వెనక లక్ష్మీదేవి. కొంగు ఒక పొడవైన పసుపుపచ్చ గీతలా వచ్చి, నాన్న ఎంతో ఓపికగా పూలు దిద్దిన అంచు మీదుగా కింది గడిలోకి వెళ్ళింది. నాన్న "అమ్మా, అంచు దాటి..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. అమ్మాయి తలెత్తి చూసింది. "బాగుంది" అన్నారాయన. కొంగు అలాగే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. చక్రం మొసలి తల నరికే గడి దగ్గర అబ్బాయి భోరుమన్నాడు. దానికి ఆకలేసింది, తప్పేముంది, ఎందుకు చంపారు? మా దగ్గర జవాబు లేదు. "గంతల్నే అయిపోలేదు కథ" అని బాపమ్మ మిగతాది చెప్పారు. ఆ మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవల ముని శాపంతో మొసలి అయ్యాడు. ఏనుగేమో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగు అయ్యాడు. చక్రం తగలగానే మొసలికీ విడుదలే. మేము గీసిన తొమ్మిది గడుల్లో ఈ ఘట్టం లేదు. అడుగున కర్ర కోసం వదిలిన జాగా పదహారు అంగుళాలు ఉంటే, అందులో పదో గడి గీశాం. హూహూ చేతిలో వీణ, మొహంలో నవ్వు, పళ్ళు మాత్రం మొసలివే. అబ్బాయి అవి తీయనివ్వలేదు.

ఇక సామాను విషయం. చేర్యాలలో ఖాదీగుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి మూడు పూతలు వేస్తారు, ఒకటి ఆరాక ఇంకొకటి. మేమూ ఉత్సాహంగా గంజి కాచి మొదలుపెట్టాం. మా బేస్‌మెంట్ చెమ్మకు మూడోరోజుకు బూజు పట్టింది. రెండోసారి తెలివి తెచ్చుకుని, రంగులు వేసేవాళ్ళు నేలమీద పరుచుకునే కాన్వాసు డ్రాప్ క్లాత్ హోమ్ డిపోలో కొన్నాం. ముందు వేడినీళ్ళలో ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. ఉతకకపోతే తరువాత ముడుచుకుపోతుంది. రెండడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు కత్తిరించి, ఆర్ట్ దుకాణాల్లో దొరికే జెస్సో పలుచగా రెండు పూతలు వేశాం. మందంగా వేస్తే చుట్టినప్పుడు పగుళ్ళు వస్తాయి. ఒక్కో గడి అడుగు ఎత్తు, మధ్యలో రెండు అంగుళాల అంచు.

రంగులు ఏక్రిలిక్ వాడండి. పిల్లలకు మామూలుగా ఇచ్చే పోస్టర్ రంగులు చుట్టే పటానికి పనికిరావు, పొడిలా రాలిపోతాయి. ఏక్రిలిక్ బట్టల మీద ఆరిందంటే పోదు కనుక నాన్నల పాత టీషర్టులు పిల్లలకు తొడగండి. నకాషీలు పూర్వం దీపపు మసితో నలుపు, నీలిమందుతో నీలం, ఇంగిలీకంతో ఎరుపు చేసుకునేవారు. ఇంగిలీకం పాదరసపు ఖనిజం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. మనకు సీసాలోని ఎరుపు చాలు. ఆ ఎరుపే పటానికి నేపథ్యం, కనుక అది మిగతావాటికి రెండింతలు కొనండి. దేవుళ్ళకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు అన్నది అక్కడి ఆనవాయితీ. పిల్లలకు ఇది చెబితే చాలు, మిగతాది వాళ్ళ ఇష్టానికి వదిలేయవచ్చు. మా ఏనుగు ఊదారంగులో ఉంది.

చవితినాడు వినాయకుడి గడి వేసి మొదలుపెడితే విజయదశమికి మామూలుగా అయిదు వారాలు దొరుకుతాయి. బడి రోజుల్లో అరగంట చాలు. అక్టోబరులో సోమవారం సెలవు కలిసొచ్చే లాంగ్ వీకెండ్ దసరాకు ముందు వస్తే సగం పని అందులో అయిపోతుంది. మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజలో పుస్తకాలతోపాటు కుంచెలు కూడా పెట్టాం. పటం చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి వచ్చేలా, లావుపాటి అట్టగొట్టం మీద చుట్టండి. చలికాలం గరాజ్‌లో ఉంచకండి, చలికి ఏక్రిలిక్ పెళుసుగా మారి విరుగుతుంది.

ఒక్కరే పిల్ల ఉన్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు లేనివాళ్ళు ఇంకో కుటుంబంతో కలవవచ్చు. అయితే రెండిళ్ళ పిల్లల మధ్య ఎవరిది బాగుందన్న పోలిక పెద్దల నోట రాకూడదు. ఇది అన్నిటికంటే కష్టమైన భాగం, మా అనుభవం మీద చెబుతున్నాం.

విజయదశమి సాయంత్రం మెట్ల రెయిలింగుకు కర్టెన్ కర్ర కట్టి పటం వేలాడదీశాం. ఏడెనిమిది కుటుంబాలు వచ్చాయి. వినాయకుడు, సరస్వతి గడులు బాపమ్మ చెప్పారు, చేతిలో చపాతీ కర్రతో. అబ్బాయి వంతు వచ్చింది. వాడి కథ నాలుగు వాక్యాలు. "మొసలి వచ్చింది. కాలు పట్టుకుంది. వదల్లేదు. వెయ్యేళ్ళు వదల్లేదు." చప్పట్లు కొట్టారు. అమ్మాయి తన గడి దగ్గర బాగానే మొదలుపెట్టింది, వైకుంఠం, మేడ, మొర వినిపించడం. "విష్ణువు చేతిలో లక్ష్మీదేవి..." అని ఆగిపోయింది. మాట గుర్తు రావడం లేదు. మాకు అందించాలని ఉంది, బాపమ్మ చెయ్యి అడ్డం పెట్టారు. గది నిశ్శబ్దంగా ఉంది. అమ్మాయి కర్రను ఆ పసుపుపచ్చ గీత మీద పెట్టి మెల్లగా కిందికి జరిపింది, అంచు దాటి, కింది గడిలోకి. "కొంగు" అంది. "కొంగు వదల్లేదు."

ఆ రాత్రి ఒకావిడ వెళ్ళబోతూ, లక్ష్మీదేవి బొమ్మ ఎవరేశారని అడిగారు. అమ్మాయి "నేనే ఆంటీ" అని చెప్పి, చెప్పులు వెతకడానికి ఆవిడ వెంట వెళ్ళింది.

బాపమ్మ ఫిబ్రవరిలో తిరిగి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఈ ఏడు రాలేనన్నారు. కథ మాత్రం ఫోన్‌లో రోజూ చెబుతున్నారు, వాళ్ళకు తెల్లవారుజాము, మాకు సాయంత్రం. పిల్లలు ఈసారి కుచేలుడి కథ కావాలన్నారు. అటుకుల మూట గడి అబ్బాయిది, కృష్ణుడు ఎదురొచ్చే గడి అమ్మాయిది. గుడ్డ ఉతికి ఆరేశాం. నాన్నకు ఈసారి కూడా అంచులే.